ఏ రికార్డింగు వినాలి? ఒపేరా, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఒక కృతి పేరు చెప్పి, పాడినవారి పేరు చెప్పకుండా వినమంటే ఎవరిది వినాలో తెలియక తికమకపడతాం. పాశ్చాత్య సంగీతంలోనూ, పాడుతూ నడిపే వాళ్ల నాటకమైన ఒపేరాలోనూ అంతే. రాసినవాడు ఒకడే, రికార్డింగులు వందలు. అందుకే ఈసారి జవాబుల్లో పేర్లు, సంవత్సరాలు ఎక్కువగా కనిపిస్తాయి. వెతుక్కునేటప్పుడు వాటితోనే పని.

ప్రశ్న: చాలా ఏళ్లుగా కర్ణాటక కచేరీలు వింటున్నానండీ. ఒపేరా మాత్రం ఒక్కటీ పూర్తిగా వినలేదు. పది పేర్లు వద్దు, ఒక్కటి చెప్పండి. ఎలా వినాలో కూడా చెబితే సంతోషం.
– పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఒక్కటే అయితే పుచ్చీని రాసిన ‘తోస్కా’. రికార్డింగు 1953 ఆగస్టులో మిలాన్‌లోని లా స్కాలా థియేటర్లో ఈఎంఐ రికార్డు కంపెనీ చేసినది. తోస్కాగా మరియా కలాస్, ఆమె ప్రియుడు కవరదోస్సిగా జుసెప్పె ది స్తెఫానో, పోలీసు అధిపతి స్కార్పియాగా తీతో గొబ్బీ. వాద్యబృందాన్ని, గాయకులను నడిపించే కండక్టర్ విక్తోర్ దె సబాతా. మోనో రికార్డింగే. ఇన్నేళ్లయినా ఈ ఒపేరాకు దీన్ని మించింది రాలేదని మా గట్టి నమ్మకం.

మొదటిసారి వినేవారికి ఇదే ఎందుకంటే, నిడివి రెండు గంటల లోపే. ముఖ్యపాత్రలు ముగ్గురే. కథ 1800 జూన్‌లో రోమ్ నగరంలో ఒక పగలు మొదలై మర్నాడు తెల్లవారేసరికి ముగిసిపోతుంది. కవరదోస్సి చిత్రకారుడు, పారిపోయి వచ్చిన ఖైదీని దాస్తాడు. తోస్కా గాయని. ఆమె అసూయను ఎరగా వేసి స్కార్పియా ఇద్దరినీ పట్టుకుంటాడు. ఇంత తెలిస్తే చాలు, మొదలుపెట్టవచ్చు. ముగింపు కూడా ముందే చదివేయండి. పౌరాణిక నాటకానికి కథ తెలిసే కదా వెళ్తాం, ఇదీ అలాగే.

రోజుకొక అంకం వినండి. మొదటిది ముప్పావు గంట, రెండోది 40 నిమిషాలు, మూడోది అరగంట లోపు. సంభాషణల పుస్తకాన్ని లిబ్రెట్టో అంటారు. ఒకవైపు ఇటాలియన్, ఒకవైపు ఇంగ్లిష్ ఉన్నది దగ్గర పెట్టుకోండి. ఇటాలియన్ మాటలు కూడా మన మాటల్లాగే ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి తెలుగు చెవికి తొందరగా పట్టుబడతాయి. రెండో అంకంలో తోస్కా పాడే “విస్సీ దార్తె, విస్సీ దమోరె” (కళ కోసం బతికాను, ప్రేమ కోసం బతికాను) రెండోసారికే మీ నోటికి వచ్చేస్తుంది.

పుస్తకం చూస్తూ వినేటప్పుడు అందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి వేర్వేరు మాటలు పాడతారు. మనం ఒకరి వెంట పడేలోగా పాట పేజీ దాటిపోతుంది. అలాంటి చోట అక్షరాల వెంట పడకండి. ఆ తర్వాత ఒక్కరే పాడే మొదటి మాట మీద వేలు పెట్టి, చెవితో వింటూ కాచుకోండి. మరుసటి వారం పుస్తకం లేకుండా మొత్తం ఒకే విడతలో వినండి.

రెండు ఘట్టాలు ప్రత్యేకంగా గమనించండి. మొదటి అంకం చివర చర్చిలో ఊరేగింపు. గంటలు రెండే స్వరాల మీద అటూ ఇటూ ఊగుతుంటాయి, దూరంగా ఉండుండి ఫిరంగి పేలుతుంటుంది, వెనక జనం ప్రార్థన గొణుగుతుంటారు. దాని మీద గొబ్బీ గొంతు తోస్కాను ఎలా దక్కించుకోవాలా అని తనలో తాను ఆలోచిస్తుంటుంది. దె సబాతా దీన్ని ఎక్కడా తొందరపెట్టడు. అణువణువూ పెంచుకుంటూ పోయి చివరి రెండు నిమిషాల్లో మొత్తం వదులుతాడు. రెండోది, తోస్కా భోజనబల్ల మీది కత్తితో స్కార్పియాను పొడిచిన తర్వాత. అంతవరకూ తారస్థాయిలో పాడిన కలాస్ ఒక్కసారిగా కింది స్వరానికి దిగి, ఒకే స్వరం మీద, దాదాపు మాటలా, “ఇతని ముందా రోమ్ అంతా వణికింది” అంటుంది. తర్వాత ఎవరూ పాడరు. శవానికి అటూ ఇటూ కొవ్వొత్తులు పెట్టి, గుండె మీద శిలువ ఉంచి ఆమె వెళ్లిపోవడం వాద్యాల్లోనే జరుగుతుంది. ఆ నిమిషాల్లో లిబ్రెట్టోలోని రంగసూచనలు తప్పకుండా చదవండి. చదవకపోతే పాట అయిపోయిందనుకుని ఆపేస్తారు.

ప్రశ్న: కలాస్ ‘తోస్కా’ అని వెతికితే నాలుగైదు కనిపిస్తున్నాయి. కంపెనీలు వేరు, బొమ్మలు వేరు, ధరలు వేరు. ఏది అసలుది?
– పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు సంవత్సరం సరిచూసుకోండి. కలాస్ ఇదే ఒపేరాను పారిస్‌లో ప్రెత్ర్ నాయకత్వంలో స్టీరియోలో మళ్లీ పాడింది. అది 1965లో విడుదలైంది. స్కార్పియా మళ్లీ గొబ్బీయే కాబట్టి పొరపడటం తేలిక. అప్పటికి ఆమె పై స్వరాల్లో వణుకు వచ్చేసింది. స్టీరియో కదా అని అది కొంటే నిరాశపడతారు. వెతికేటప్పుడు ‘తోస్కా, కలాస్, దె సబాతా’ అని మూడు పేర్లూ కొట్టండి. స్ట్రీమింగు యాప్‌లలో ఆల్బం పక్కన 2014 అని కనబడితే అది రీమాస్టర్ చేసిన ఏడాది. ఈఎంఐ వారి శాస్త్రీయ సంగీత రికార్డింగులు 2013లో వార్నర్ చేతికి వచ్చాయి, మరుసటి ఏడాది కలాస్ స్టూడియో రికార్డింగులను మళ్లీ శుభ్రం చేసి తెచ్చారు. మేము చెప్పేది ఆ ప్రతినే.

ఇన్ని కంపెనీలు ఎందుకు వేశాయంటే, పాత రికార్డింగుల హక్కుల గడువు తీరిపోయింది. మన దేశంలో శబ్దముద్రణకు హక్కు ప్రచురించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. గడువు తీరాక ఎవరైనా వేసుకోవచ్చు. కొందరు పాత ఎల్‌పీల నుంచి ఎంతో శ్రద్ధగా చేశారు. నక్సాస్ వారి ప్రతి అలాంటిది, ధర తక్కువ, కొనవచ్చు. కొందరు మాత్రం బుసబుస శబ్దం తీసేయాలని గొంతులోని పై ధ్వనులు కూడా కోసేశారు. దీన్ని కనిపెట్టడం కష్టం కాదు. ‘స’, ‘ఫ’ లాంటి అక్షరాలు స్పష్టంగా వినబడాలి, పెద్ద వాక్యానికి ముందు గాయని ఊపిరి పీల్చడం వినబడాలి. దుప్పటి కప్పినట్టు మొద్దుబారి ఉంటే వదిలేయండి. కాస్త బుస ఉన్నా పర్వాలేదు, పది నిమిషాల్లో చెవి దాన్ని మరిచిపోతుంది.

పాత ఎల్‌పీలు కొనేవారికి ఇంకో హెచ్చరిక. 1960లలో మోనో రికార్డులను కృత్రిమంగా స్టీరియో చేసి అమ్మారు. మంద్ర ధ్వనులు ఒక పక్కకు, పై ధ్వనులు ఇంకో పక్కకు తోసేసేవారు. గొంతు రెండు ముక్కలైనట్టు ఉంటుంది. అట్ట మీద ‘ఎలక్ట్రానిక్‌గా స్టీరియో చేసినది’ అన్న అర్థంలో ఏమున్నా ముట్టుకోకండి. మోనోయే మేలు.

ప్రశ్న: ఫోన్లో వింటుంటే ట్రాక్ మారిన ప్రతిసారీ పాట మధ్యలో చిన్నగా తెగుతోంది. మెల్లగా ఉన్నచోట ఏమీ వినపడదు. సౌండు పెంచితే ఉన్నట్టుండి చెవులు పగిలిపోతున్నాయి. రికార్డింగే అంతా?
– పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: రికార్డింగుది తప్పు కాదండీ. ఒపేరాలో ఒక అంకమంతా ఆగకుండా సాగే సంగీతం. వెతుక్కోవడానికి వీలుగా మాత్రమే దాన్ని ట్రాక్‌లుగా విడగొడతారు. ఎంపీ3 ఫైలు శబ్దాన్ని 1152 శాంపిళ్ల (శబ్దాన్ని కొలిచిన బిందువుల) ముక్కలుగా కట్టి దాస్తుంది, అంటే ఒక్కో ముక్క సెకనులో నలభయ్యో వంతు. సంగీతం సరిగ్గా ముక్క అంచున ముగియదు కాబట్టి మొదట్లో, చివర్లో నిశ్శబ్దం చేరుతుంది. దాన్ని తీసేసి అతికించడం చేతకాని ప్లేయర్లో ఆ తెగుడు వినిపిస్తుంది.

యాప్ సెట్టింగుల్లో ‘గ్యాప్‌లెస్’ ఆన్ చేయండి. ‘క్రాస్‌ఫేడ్’ సున్నాకు తేండి. లేకపోతే ఒక ట్రాక్ చివర మీద రెండోది ఎక్కేస్తుంది. ‘షఫుల్’ ఆపేయండి. ‘వాల్యూమ్ నార్మలైజేషన్’ కూడా ఆపేయండి, ముఖ్యంగా ట్రాక్ ట్రాక్‌కీ విడిగా సరిచేసే రకాన్ని. పుచ్చీని మెల్లగా రాసినచోటును అది పైకి లాగేస్తుంది. సొంతంగా ఫైళ్లు దాచుకునేవారు ఫ్లాక్ (శబ్దంలో ఏదీ పోకుండా కుదించే ఫైలు) రూపంలో దాచుకుంటే ఈ తెగుడు సమస్య ఉండదు. సీడీ నాణ్యతలో గంట సంగీతానికి 635 మెగాబైట్లు పడుతుంది, ఫ్లాక్‌లో అందులో సగం చుట్టుపక్కల.

సౌండు విషయానికొస్తే, సినిమా పాటను మొదటి నుంచి చివరిదాకా ఇంచుమించు ఒకే మట్టంలో బిగిస్తారు. ఇక్కడ అలా చేయరు, చేయకూడదు కూడా. అందుకని మెల్లని చోట కాకుండా పెద్ద చోట సౌండు సరిచేసుకోవాలి. ‘తోస్కా’ అయితే మొదటి అంకం చివరి రెండు నిమిషాలు పెట్టి, చెవికి ఇబ్బంది లేనంత పెద్దగా ఉంచి, వెనక్కి వెళ్లి మొదటి నుంచి వినండి. ఆ తర్వాత బటన్ ముట్టుకోవద్దు. సీలింగు ఫ్యాను హోరులో మెల్లని చోట్లు మునిగిపోతాయి. ఫ్యాను ఆపలేని ఎండాకాలంలో చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు వాడండి.

ప్రశ్న: మేళకర్తలు, రాగాలు తెలిసినవాళ్లం. వాళ్ల సంగీతంలో షడ్జమం ఎక్కడుందో దొరక్క ఇబ్బంది పడుతున్నాం. వాద్యసంగీతంలో మాబోటివాళ్లకు పట్టు దొరికే రికార్డు ఉందా?
– ఇద్దరు వయొలిన్ విద్యార్థినులు, నెల్లూరు

జవాబు: ఉంది. చాలా మంచి ప్రశ్న వేశారమ్మా, నిదానంగా చెప్పుకుందాం.

మీ ఇబ్బందికి కారణం, వాళ్ల సంగీతంలో షడ్జమం కదులుతుంది. మన గ్రహభేదంలో స్వరాలు అవే ఉండి ఆధార షడ్జమం మారినట్టు వినిపించి మళ్లీ ఇంటికి వస్తుంది. వాళ్లు స్వరాలనూ మార్చుకుంటూ కొత్త షడ్జమం మీద స్థిరపడి, కొంతసేపు అక్కడే కాపురం చేస్తారు. తంబురా శ్రుతి వెనక లేదు కాబట్టి ఎప్పుడు మారిందో మన చెవికి తెలియదు.

అందుకని షడ్జమం కదలిక తక్కువగా ఉన్న పెద్ద రచనతో మొదలుపెట్టండి. బాఖ్ 1741లో అచ్చు వేయించిన ‘గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్’. గ్లెన్ గూల్డ్ పియానో, 1955 రికార్డింగు, 38 నిమిషాలు. మొదట ‘ఆరియా’ అనే ఒక పాట, తర్వాత 30 రూపాంతరాలు, చివర మళ్లీ అదే ఆరియా. రూపాంతరాలన్నిటికీ ఆధారం పైన వినిపించే పాట కాదు, కింద ఎడమచేతిలో నడిచే స్వరాలు. ఆరియా మొదటి ఎనిమిది గతుల్లో (ఇంగ్లిష్‌లో బార్‌లు, మన ఆవర్తనాల్లాంటివి) గతికొకటి చొప్పున ఆ స్వరాలు ఇవి: స ని ద ప, గ మ ప స. శంకరాభరణంలో పై షడ్జమం నుంచి పంచమానికి దిగి, గాంధారం నుంచి ఎక్కి, షడ్జమానికి చేరడం. రచన శ్రుతి ‘జి’, అంటే మనకు ఐదు శ్రుతి. శ్రుతిపెట్టె ఐదు మీద పెట్టి ఆ ఎనిమిది స్వరాలూ వయొలిన్ మీద నాలుగైదుసార్లు వాయించుకుని అప్పుడు రికార్డు పెట్టండి. మధ్యలో పంచమం వైపు కాసేపు వెళ్లినా, ప్రతి రూపాంతరం చివర మీ షడ్జమానికే వస్తుంది.

15, 21, 25 సంఖ్యల్లో గాంధారం కోమలమవుతుంది. కీరవాణి ఛాయ అనుకుంటే దారి దొరుకుతుంది. ముఖ్యంగా 25వది చాలా విలంబం, అన్యస్వరాలు దట్టంగా వస్తాయి. అక్కడ దారి తప్పినా కంగారు పడకండి, అందరూ తప్పుతారు. 27వదాని దాకా ప్రతి మూడోదీ ఒక గొంతు వెంట ఇంకో గొంతు అదే పాటను అనుకరిస్తూ వచ్చే రకం. మూడోదానిలో అదే స్థాయిలో, ఆరోదానిలో ఒక స్వరం ఎడంగా, తొమ్మిదిలో రెండు స్వరాల ఎడంగా, ఇలా పెరుగుతూ పోతుంది. కాగితం మీద ఇది లెక్కలా ఉంటుంది కానీ వింటే లెక్క ఎక్కడా కనబడదు. అదే బాఖ్ గొప్పతనం.

గూల్డ్ వాయిస్తూ కూనిరాగం తీస్తాడు, అది వినబడుతుంది. మీ హెడ్‌ఫోన్ల తప్పు కాదు. 1981లో ఆయనే మళ్లీ రికార్డు చేశాడు, 51 నిమిషాలు. మొదటిది మెరుపు, రెండోది ధ్యానం. మొదటిది నెల రోజులు విన్నాక రెండోదానికి వెళ్లండి. బాఖ్ ప్రతి భాగాన్నీ రెండేసిసార్లు వాయించమని గుర్తు పెట్టాడు. గూల్డ్ 1955లో ఒక్కసారే వాయించాడు. రెండేసిసార్లూ వినాలంటే మరీ పెరాయా 2000 నాటి రికార్డింగు ఉంది, 73 నిమిషాలు.

ఆ తర్వాత బీతోవెన్ ఐదో సింఫనీ, అంటే పెద్ద వాద్యబృందం కోసం నాలుగు భాగాలుగా రాసిన రచన. నడిపించింది కార్లోస్ క్లైబర్, వాద్యబృందం వియన్నా ఫిల్హార్మోనిక్, 1974, డాయిషె గ్రామోఫోన్ కంపెనీ. ‘సి’ అంటే ఒకటి శ్రుతి. వియన్నావారి శ్రుతి కాస్త ఎక్కువగా ఉంటుంది, మీ పెట్టెతో సన్నని తేడా వస్తే ఆశ్చర్యపోకండి. మొదటి భాగం కోమల గాంధారంతో మొదలై, నాలుగో భాగం అదే షడ్జమం మీద శంకరాభరణంగా తెరుచుకుంటుంది. మూడు నుంచి నాలుగుకు మధ్య విరామం లేదు. డ్రమ్ము మీద మెల్లగా షడ్జమం తడుతూ, పైన వయొలిన్లు తడుముకుంటూ ఎక్కుతూ, ఒక్కసారిగా వెలుగులోకి వస్తాయి. పై జవాబులో చెప్పిన గ్యాప్‌లెస్ సెట్టింగు చేయకపోతే ఆ వెలుగు సరిగ్గా అక్కడే తెగుతుంది.

ప్రశ్న: మొజార్ట్ ‘ఫిగారో పెళ్లి’ విందామనుకుంటే పాటల మధ్య మాటల్లా సాగే భాగాలు విసుగ్గా ఉన్నాయి. దాటేయవచ్చా? ఏ రికార్డింగు మంచిది?
– పాఠకురాలు, బెంగళూరు

జవాబు: దాటేయకండి. పద్యనాటకంలో వచనం లాంటివి అవి. కథ నడిచేది అక్కడే. వచనం తీసేస్తే పద్యం ఎందుకు వచ్చిందో తెలియదు. ఇటాలియన్ అలవాటున్న గాయకులు పాడితే ఆ భాగాలు గబగబా సరదాగా సాగుతాయి. ఎరిక్ క్లైబర్ 1955లో వియన్నాలో డెక్కా కంపెనీ కోసం చేసిన రికార్డింగు తీసుకోండి. పైన చెప్పిన కార్లోస్‌కు ఈయన తండ్రి. ఫిగారోగా చెసారె సియేపి, అతను పెళ్లాడబోయే సుసాన్నాగా హిల్డె గ్యూడెన్, వాళ్ల ప్రభువు భార్య కౌంటెస్‌గా లిసా దెల్లా కాసా. తొలినాళ్ల స్టీరియో అయినా గొంతులు ఎంతో దగ్గరగా, సహజంగా ఉంటాయి.

మూడు గంటలు ఒకేసారి వద్దు. రెండో అంకం చివరి 20 నిమిషాలు ముందు వినండి. కౌంటెస్‌కూ ఆమె భర్తకూ తగువుతో మొదలవుతుంది, అంటే రెండు గొంతులు. గదిలోంచి సుసాన్నా వస్తుంది, మూడు. ఫిగారో వస్తాడు, నాలుగు. తోటమాలి ఫిర్యాదు పట్టుకొస్తాడు, ఐదు. అతను వెళ్లాక ముగ్గురు ప్రత్యర్థులు దిగుతారు, మొత్తం ఏడు. మధ్యలో మాట లేదు, విరామం లేదు. మనిషి చేరినప్పుడల్లా లయ, శ్రుతి మారుతుంటాయి. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వినండి. 1786లో వియన్నాలో తొలి ప్రదర్శనలప్పుడు జనం వన్స్‌మోర్లు ఎంతగా అడిగారంటే, ఒకరికన్నా ఎక్కువమంది పాడేవాటికి వన్స్‌మోర్ కుదరదని చక్రవర్తి జోసెఫ్ ఆజ్ఞ వేయాల్సి వచ్చింది.

ప్రశ్న: ‘కార్మెన్’ రెండు రికార్డింగులు కొన్నాను. ఒకదాంట్లో మాట్లాడుతున్నారు, ఇంకోదాంట్లో అదే చోట పాడుతున్నారు. ఏది సరైనది?
– పాఠకుడు, వరంగల్

జవాబు: మాటలున్నది ‘కార్మెన్’ రాసిన బిజే అసలు పద్ధతి. 1875 మార్చిలో పారిస్‌లో అలాగే ఆడారు. మూడు నెలలకే బిజే చనిపోయాడు. తర్వాత ఎర్నెస్ట్ గిరో ఆ మాటలకు సంగీతం కట్టాడు. మాటలతో కావాలంటే క్లాడియో అబ్బాదో నడిపించిన 1977 రికార్డింగు, తెరెసా బెర్గాంజా కార్మెన్. పాటతో అయితే థామస్ బీచమ్, 1958–59, విక్టోరియా దె లోస్ ఆంజెలెస్. గిరో కట్టినది అసలు పద్ధతి కాకపోయినా, ఆర్కెస్ట్రా సొగసు కోసం మేము బీచమ్‌నే ముందు వినమంటాం.

ప్రశ్న: వాగ్నర్ ‘రింగ్’ నాలుగు ఒపేరాలు, పధ్నాలుగు గంటలకు పైనే అంటున్నారు. షోల్టీ నడిపించిన సెట్టు కొన్నాను. మొదటి డిస్కు పెడితే చాలాసేపు ఏమీ వినపడలేదు. చెడిపోయిందా?
– పాఠకుడు, డాలస్

జవాబు: డిస్కు బాగానే ఉంది. నాలుగింటిలో మొదటిదైన ‘రైన్‌గోల్డ్’ మొదలయ్యేది డబుల్ బేస్‌ల (వయొలిన్ లాంటి అతి పెద్ద వాద్యాల) అతి మంద్రమైన ‘ఇ ఫ్లాట్’తో, సెకనుకు 39 కంపనాలు. దాని కోసం వాయించేవాళ్లు కింది తీగను వదులు చేసుకోవాలి. ఫోన్, ల్యాప్‌టాప్ స్పీకర్లకు అంత కింది ధ్వని పలకదు. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి, నది అడుగు నుంచి నీళ్లు కదిలినట్టు వినిపిస్తుంది. 136 గతులు, నాలుగు నిమిషాలకు పైగా, అదే ఒక్క స్వరసమూహం మీద పెరుగుతుంది.

డెక్కా 1958 నుంచి 1965 దాకా వియన్నాలో చేసిన ఈ సెట్టు కొనడం తప్పు కాదు. కానీ వరసగా వినాలనుకోకండి. రెండోదైన ‘వాల్క్యూరె’ మొదటి అంకంతో మొదలుపెట్టండి. గంట, ముగ్గురే మనుషులు, తుపానులో తలుపు తట్టిన అపరిచితుడి కథ. అది నచ్చితే అదే అంకం బ్రూనో వాల్టర్ 1935 రికార్డింగులో, లొట్టె లేమన్, లౌరిట్స్ మెల్కియోర్ గొంతుల్లో వినండి. ధ్వని పాతది, ఆ ప్రేమలోని వేడి మాత్రం ఇంకెక్కడా దొరకలేదు.

ప్రశ్న: పవరొట్టీ పాడిన ‘నెస్సున్ దోర్మా’ అంటే ప్రాణం. అది ఉన్న ఒపేరా మొత్తం వినాలంటే?
– పాఠకురాలు, విజయవాడ

జవాబు: పుచ్చీని ‘తురందోత్’. 1972లో డెక్కా చేసినదే తీసుకోండి. పవరొట్టీ, జోన్ సదర్లాండ్, మోంసెరాట్ కబాయే. నడిపించింది మన బొంబాయిలో పుట్టిన జుబిన్ మెహతా. కథ జరిగే పేకింగ్ జనసమూహాన్ని, గంటలను, గాంగ్‌లను ఆయన కూర్చిన తీరు కోసమైనా ఈ రికార్డింగు వినాలి.

మీకు ఇష్టమైన పాట మూడో అంకం మొదట్లోనే వస్తుంది. కచేరీల్లోలాగా చప్పట్ల కోసం ఆగదు. చివరి స్వరం మీదికే తర్వాతి సంగీతం వచ్చేస్తుంది. డిస్కు గీతపడిందని అనుకోవద్దు, పుచ్చీని రాసింది అలాగే.

ఆయన 1924లో దీన్ని ముగించకుండానే కన్నుమూశాడు. మిగిలింది ఫ్రాంకో అల్ఫానో పూర్తిచేశాడు. 1926 ఏప్రిల్‌లో లా స్కాలాలో మొదటి రాత్రి కండక్టర్ తోస్కనీనీ, పుచ్చీని ఆపిన చోటే ప్రదర్శన ఆపేశాడు. ఆ చోటు మీరూ గుర్తుపట్టవచ్చు. బానిస పిల్ల లియు చనిపోతుంది, జనం ఆమెను మోసుకుంటూ వెళ్తారు, పాట దూరమై సన్నబడి చివరికి పైస్థాయిలో పికలో (చిన్న వేణువు) ఒక్కటే మిగులుతుంది. మొదటిసారి అక్కడ ఆపేయండి. అల్ఫానో రాసినది మర్నాడు వినండి.